స్వదేశంలో ఇల్లు కొని అద్దెకు ఇవ్వదలచిన వారికి సూచనలు

గల్ఫ్‌లో పనిచేస్తున్న మీలో చాలామంది తమ కష్టార్జితాన్ని ఊళ్ళోనో, దగ్గరి పట్టణంలోనో ఇంటి మీద పెడుతున్నారు. అద్దె వస్తుంది, ఆ అద్దెతోనే అప్పు తీరుతుంది అన్నది ఎక్కువమంది లెక్క. డబ్బు పంపే ముందు ఈ క్రింది విషయాలు గమనించగలరు.

విదేశంలో ఉద్యోగం చేస్తున్న భారతీయ పౌరులు ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం, దుకాణం కొనడానికి రిజర్వు బ్యాంకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మాత్రం మీ పేరిట కొనరాదు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. పొలాన్నే గజాల లెక్కన ముక్కలు చేసి ప్లాట్లని అమ్మేవారు ఉన్నారు. లేఅవుట్ అనుమతి కాగితం చూపనిదే బయానా ఇవ్వకండి.

అన్నిటికంటే ముఖ్యం, దస్తావేజు మీద ఎవరి పేరు ఉంది అన్నది. "నేను ఇక్కడ ఉన్నాను కదా సార్, తమ్ముడి పేరున రాయించాను, వచ్చాక మార్చుకుంటాం" అనేవారు చాలామంది. 2016లో సవరించిన బినామీ చట్టం ప్రకారం లెక్క చూపగల సొంత ఆదాయంతో భార్య లేదా భర్త పేరున, పిల్లల పేరున కొనవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల పేరున కొనాలంటే దస్తావేజులో వారితోపాటు మీ పేరు కూడా ఉమ్మడి యజమానిగా ఉండాలి. ఒక్క తమ్ముడి పేరే ఉండి, రేపు ఆయన కాదంటే "డబ్బు నాది" అని కోర్టుకు వెళ్ళడానికి సాధారణంగా దారి ఉండదు. పైగా ఆస్తిని ప్రభుత్వం జప్తు చేయవచ్చు. డబ్బు పంపిన రసీదులు పెట్టెనిండా ఉన్నా అంతే. తమ్ముడు మంచివాడే కావచ్చు. కానీ ఆయన అకస్మాత్తుగా చనిపోతే కాగితం ప్రకారం ఆ ఇల్లు ఆయన వారసులది.

ఇక అప్పు సంగతి. బ్యాంకు 20 లక్షలు, 9 శాతం వడ్డీకి, 15 ఏళ్ళకు ఇచ్చిందనుకోండి. నెల వాయిదా సుమారు 20,300 రూపాయలు, మొత్తం కట్టేది 36 లక్షల 50 వేలు. ఆ ఇంటికి నెలకు 7 వేలు అద్దె వస్తే మిగతా 13 వేల పైచిలుకు మీ జీతం నుంచే పోవాలి. మీ కాంట్రాక్టు రెండేళ్ళు, అప్పు పదిహేనేళ్ళు. పని పోయి ఇంటికి రావలసి వస్తే వాయిదా ఆగదు. అందుచేత కనీసం ఆరు నెలల వాయిదాలు విడిగా దాచి పెట్టుకున్నాకే సంతకం చేయండి. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. అద్దె ఇల్లు అంత సంపాదించి పెట్టదు. వీసా కోసం చేసిన అప్పు ఇంకా ఉంటే ముందు దాన్ని తీర్చండి.

అద్దె మీ ఎన్నార్వో ఖాతాలో జమ కావాలి. మీరు ప్రవాసులు కనుక అద్దెదారు 30 శాతం పన్ను, దానిపై సెస్సు పట్టుకుని మిగతాది ఇవ్వవలెను. ఈ సంగతి చాలామంది అద్దెదార్లకే తెలియదు, ముందే చెప్పండి. మీ ఆదాయం పన్ను పరిమితికి లోపే ఉంటే రిటర్ను వేసి ఆ సొమ్ము వాపసు తీసుకోవచ్చు.

అక్కడ ఇల్లు చూసుకునే మనిషికి ముక్త్యార్‌నామా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవలసి వస్తుంది. జనరల్ పవర్ ఇవ్వకండి. అద్దె వసూలు, అగ్రిమెంటుపై సంతకం, ఇంటి పన్ను కట్టడం అని పనులు పేరుపేరునా రాయించి, అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు లేవని స్పష్టంగా చేర్చండి. మీరు కొనేటప్పుడు కూడా జీపీయే మీద మాత్రమే అమ్ముతామంటే ఒప్పుకోవద్దు. దానివల్ల యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఇచ్చిన ముక్త్యార్‌నామాను రద్దు చేయదలిస్తే రద్దు పత్రం రాసి, ఆ మనిషికి, అద్దెదారుకు, బ్యాంకుకు, సబ్ రిజిస్ట్రారుకు రాతపూర్వకంగా తెలపాలి.

ముక్త్యార్‌నామా ధ్రువీకరణకు వచ్చేటప్పుడు అసలు పాస్‌పోర్టు తెచ్చుకోండి. సంతకం ఇంటి దగ్గర పెట్టి తేవద్దు, కాన్సులర్ అధికారి ఎదుటే పెట్టవలెను. పత్రం భారతదేశం చేరాక మూడు నెలలలోపు స్టాంపు డ్యూటీ కట్టించమని మీవాళ్ళకు చెప్పండి.