అల్లుడూ, మూత తీసి చూశావా?

పిఠాపురం

మీ అత్తయ్య నీ బండి కంటే నీ తిండి గురించే ఎక్కువ బెంగ పెట్టుకుంది. ఆ సంగతి తనే రాస్తుంది.

నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. జవాబు ఫోన్లోనే చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివాక మడిచి బండి టూల్స్‌తో పాటు ఉంచుకో.

రెండు నెలల్లో ప్లగ్గు మార్చావు, బ్యాటరీ మార్చావు, కార్బొరేటర్ రెండుసార్లు విప్పించావు. అయినా కాకినాడలో బయల్దేరి చిత్రాడ వచ్చేసరికి బండి ఆగిపోతోంది. పది నిమిషాలు నిలబడితే మళ్లీ అందుకుంటోంది. డబ్బులు పోయాయని ఏడుస్తున్నావు గాని, అంత ఖర్చుకీ నీకు తెలిసిందేమిటి? ఆగినప్పుడు ఇంజిన్‌కి అందనిదేమిటో ఇప్పటికీ తెలీదు కదా.

ఇంజిన్ అడిగేవి మూడే. గాలితో తగుపాళ్లలో కలిసిన పెట్రోలు, వేళకి నిప్పురవ్వ, సిలిండర్లో కంప్రెషన్. కాసేపాగి ఒక్క కిక్కుకే అందుకుంటోందంటే కంప్రెషన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు. మిగిలిన రెండిట్లో ఏది పోతోందో తెలిసేది బండి ఆగిన మొదటి నిమిషంలోనే. ఆ నిమిషం దాటితే బండి బాగైపోతుంది, మెకానిక్ దగ్గరికెళ్లి నిలబెడితే నిలకడగా ఆడుతుంది. ఆ నిమిషాన్ని నువ్వు నాకు ఫోన్ చేయడానికి వాడేస్తున్నావు.

ఈసారి ఆగగానే బండిని రోడ్డు దిగువకి పూర్తిగా దింపు. అది 216 నంబరు జాతీయ రహదారి, లారీలవాళ్లు నీ కోసం చూడరు. దింపగానే చెవి దగ్గరగా పెట్టి ట్యాంకు మూత తెరువు. 'సుయ్' మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, మూత వదులుగా పెట్టి కిక్ కొట్టగానే స్టార్టయితే, నీ జబ్బు ఆ మూతలోనే ఉంది. నూనె డబ్బాకి ఒకటే కన్నం పొడిస్తే నూనె గుక్కలు గుక్కలుగా పడి ఆగిపోతుంది, రెండో కన్నం పొడిస్తే ధారగా వస్తుంది. ట్యాంకూ అంతే. కిందికి పెట్రోలు దిగాలంటే పైనుంచి గాలి వెళ్లాలి. మూతలో దానికో సన్నటి దారి ఉంటుంది. దుమ్మో తుప్పో పట్టి అది మూసుకుపోతే మొదటి పది కిలోమీటర్లు బాగానే వెళ్తావు. తర్వాత గొంతు పట్టేస్తుంది. నిలబడ్డప్పుడు ఎక్కడో సందులోంచి మెల్లగా గాలి చేరుతుంది, మళ్లీ నడుస్తుంది.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. 1985లో సీడీ 100 వచ్చాక మన వైపు ఫోర్ స్ట్రోకు బండ్లు మెల్లగా పెరిగాయి. అంతదాకా టూ స్ట్రోకు బండ్ల ఆయిల్ కలిపిన పెట్రోలు వాసనలో పాయింట్లు రుద్దుకుంటూ మెకానిక్‌గా బతికిన నాకు కార్బొరేటరంటే మోజెక్కువ. ఏ బండొచ్చినా ముందు దాన్నే విప్పేవాణ్ణి. ఉప్పాడ నుంచి చేపల బుట్టలతో వచ్చే ఒకాయన బండి ఇలాగే ఆగేది. మూడుసార్లు కార్బొరేటర్ కడిగాను. చివరికి రవ్వని నడిపే సీడీఐ కూడా మార్పించాను. ఓ రోజు ఆయనే పెట్రోలు ఉందో లేదో చూద్దామని మూత తీశాడు, బండి స్టార్టయింది. తుప్పూ ఇసకా కలిసి ఆ దారిని పూడ్చేశాయి. సీడీఐ డబ్బులు తిరిగిచ్చేశాను గాని, ఆయన మూడు రోజుల బేరం నేనెక్కడినుంచి తెచ్చివ్వను? అప్పటినుంచి ఏ బండికైనా నా చేయి ముందు మూత మీదికే పోతుంది.

మూత తీసినా స్టార్ట్ కాలేదనుకో. అప్పుడు నిప్పురవ్వ చూడాలి. ప్లగ్గు విప్పి, దాని క్యాపులోనే ఉంచి, ప్లగ్గు ఒంటిని ఇంజిన్ లోహానికి ఆనించి కిక్ కొట్టు. ప్లగ్గు రంధ్రానికి ఎడంగా పెట్టు, అందులోంచి పెట్రోలు ఆవిరి కొడుతుంది. చేత్తో పట్టుకోకు, ఇంజిన్ కాలుతూ ఉంటుంది, షాకూ కొడుతుంది. నీలంగా చిటుక్కుమంటే రవ్వ బాగున్నట్టు. వేడి మీద అసలు లేకుండా, చల్లారాక మళ్లీ వస్తోందంటే కాయిల్ని అనుమానించు. వేడికి లోపలి తీగ విడిపోవడం, చల్లారితే కలుసుకోవడం దాని గుణం. కాయిల్ మార్చేముందు ప్లగ్గు క్యాపు, తీగ కప్లర్లు ఊడదీసి చూడు. సముద్రపు గాలికి పచ్చ చిలుం పట్టేవి అవే. గరుకు కాగితంతో రుద్దితే పోయే దానికి వందలు పెట్టక్కర్లేదు.

బ్యాటరీ నీచేత ఎవరు కొనిపించారో నేనడగను. మీ నాన్న వాడిన ఈ నీ బండి లాంటి పాత 100 సీసీ బండ్లలో చాలావాటికి రవ్వ కోసం బ్యాటరీతో పనే లేదు, కిక్కుతో పుట్టే కరెంటే చాలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్ల సంగతి వేరు. ఇంజెక్షన్ ఉన్నవాటికి పెట్రోలు పంపు తిరగాలన్నా బ్యాటరీయే కావాలి. బ్యాటరీ మార్చమనే సలహా నీ స్నేహితుడి కొత్త బండికి పనికొచ్చి నీ బండికి పనికిరాలేదంటే కారణం అది.

ఇక సర్పవరం జంక్షన్లో క్లచ్చు పట్టగానే ఆఫైపోతోందన్నావు. అది వేరే జబ్బు. రెండిట్నీ కలిపి చెప్పబట్టే వినేవాడు తికమకపడ్డాడు. చోక్ కొంచెం లాగి చూడు. లాగితే నిలకడగా ఆడుతోందంటే పెట్రోలు చాలడం లేదు, ఐడిలింగు జెట్టులో మలినమో, కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు దగ్గర గాలి తీసుకోవడమో. లాగగానే ఇంకా దిగజారితే పెట్రోలు ఎక్కువైంది, ఎయిర్ ఫిల్టర్ చూడు. ప్లగ్గు కొన కూడా ఇదే చెబుతుంది. లేత ఇటుక రంగుంటే ఫరవాలేదు. నల్లటి మసి ఉంటే పెట్రోలెక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ.

ఈమధ్య పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ మండడానికి పెట్రోలంత గాలి అక్కర్లేదు. పాత జెట్టు మాత్రం పాత లెక్కనే పంపుతుంది. కాబట్టి అంచు మీదున్న కార్బొరేటర్ ఇంకాస్త పలచన పడుతుంది. అదీగాక ఇథనాల్ నీళ్లని పీల్చుకుంటుంది. ఏలేరు పొంగిన ఏడు గొల్లప్రోలు వైపు మునిగిన బండ్లకి ట్యాంకు, కార్బొరేటర్ రెండూ పూర్తిగా వంచేస్తే తప్ప లాభం లేకపోయింది. నువ్వు వాటర్ సర్వీసు చేయించిన మర్నాడు బండి ఎక్కువ మొరాయిస్తే కార్బొరేటర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టు. నీళ్లు ఎక్కువ చేరి ఉంటే అడుగున విడిగా కనబడతాయి. ఆ పని చల్లని ఇంజిన్ మీద, ఆరుబయట, దగ్గర్లో బీడీ వెలిగించేవాడు లేకుండా చూసుకుని చెయ్యి.

మరో మాట. మీ నాన్న 'మన బండికి ట్యాపెట్ చప్పుడే లేదు' అని గొప్పగా చెప్పుకునేవాడు. నాకు భయం వేసేది అదే. కొంచెం టిక్కుటిక్కుమంటే వాల్వు దగ్గర సందు ఉన్నట్టు. బొత్తిగా చప్పుడు లేకుండా, వేడెక్కాక ఐడిలింగులో నిలవడం లేదంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడాలి. దాన్ని అలాగే నడిపితే వాల్వు కాలుతుంది, అప్పుడు అసలు ఖర్చు తెలుస్తుంది.

ఈ వారం కొత్త సామాను ఏదీ కొనకు. ఆగిన ప్రతిసారీ ఎన్ని కిలోమీటర్ల తర్వాత, ఎండో వానో, ట్యాంకులో పెట్రోలెంత, మూత తీస్తే ఏమైంది, ఇవి రాసిపెట్టు. ఆదివారం వద్దాంలే అనుకోకు, శనివారం రాత్రికే వచ్చెయ్యి. ట్యాపెట్లు రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే చూడాలి. ఆ సందు కొలిచే ఫీలర్ గేజి నా దగ్గరుంది, నువ్వు రాసిపెట్టిన కాగితం తీసుకురా.

ఇట్లు,
మీ మావయ్య