ఊపిరితిత్తుల శక్తి – రక్తంలోని సూచనలు

బిలాస్‌పూర్ రైల్వే జంక్షనుగా వృద్ధి చెందిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగువారు, ఒడియా, బెంగాలీ కుటుంబాలవారు స్థానిక ఛత్తీస్‌గఢీ ప్రజలతో కలిసి అక్కడ జీవిస్తున్నారు. అచ్చటి కుదుదండ్‌లోనే కాదు, దేశంలో ఏ పేటలోనైనా నడివయస్సు దాటినవారు మెట్లెక్కి ఆయాసపడితే, "వయస్సు మీద పడినది" అని సరిపెట్టుకొనుట పరిపాటి. కాని ఆయాసమంతా వయస్సు ఫలితం కాదు.

ఊపిరితిత్తుల శక్తి సుమారు 25 ఏండ్ల వరకు పెరిగి, ఆపై మెల్లగా తగ్గుతుంది. దానిని కొలిచే స్పైరోమీటరును లండన్‌లో జాన్ హచిన్‌సన్ 1846లో ప్రపంచానికి పరిచయం చేశాడు. నిండుగా గాలి పీల్చి బలంగా ఊదినప్పుడు, మొదటి సెకనులో ఎంత గాలి వెలువడినదో ఈ పరీక్ష తెలుపుతుంది. శ్వాసనాళాలను విప్పే మందు పీల్చిన తరువాత కూడ అది మొత్తంలో 70 శాతానికి తగ్గితే, నాళాలు ఇరుకైనవని వైద్యులు అనుమానిస్తారు.

బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ, బొగ్గు ధూళి శ్వాసనాళాలలో వాపు కలిగిస్తాయి. అచ్చట పుట్టిన సంకేత పదార్థాలు రక్తం ద్వారా కాలేయాన్ని చేరగా, అది సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను అధికంగా తయారుచేస్తుంది. న్యుమోనియా రోగుల రక్తంలో ఈ పదార్థాన్ని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ గుర్తించారు.

ఈ ప్రోటీన్ అధికంగా ఉన్న వయోజనులలో ఊపిరితిత్తుల శక్తి సగటున తక్కువగా ఉన్నట్లు పలు దేశాల పరిశీలనలు తెలిపాయి. పొగ త్రాగనివారిలోనూ ఈ సంబంధం కనిపించింది. అయితే ప్రోటీనే కారణమా? పుట్టుకతో, జన్యువుల వలన అది అధికంగా ఉన్నవారికి దీర్ఘకాల శ్వాసకోశ వ్యాధి ఎక్కువగా రాలేదని కోపెన్‌హాగెన్ పరిశోధకులు 2011లో నిరూపించారు. సిగ్నలులోని ఎర్రదీపం ప్రమాదాన్ని సూచిస్తుందే గాని కల్పించదు. పైగా స్థూలకాయం, చిగుళ్ల వ్యాధి, ఏ జ్వరమైనా ఆ దీపాన్ని వెలిగించగలవు. కనుక రక్తపరీక్ష స్పైరోమీటరుకు ప్రత్యామ్నాయం కాదు.

పొగ మానినచో పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాకపోయినా, క్షీణత వేగం తగ్గుతుందని ఫ్లెచర్, పీటో 1977లో చూపారు. కనుక ఆయాసం ఉన్నవారు వయస్సును నిందించి ఊరకుండక, ఒకమారు ఊపిరిని కొలిపించుకొనవలెను. రెండు వారాలు మించిన దగ్గుకు కఫపరీక్ష కూడ అవసరం. బీడీ మానుట, వంటయింటి పొగను తొలగించుట, ధూళిలో పనిచేయునప్పుడు ముక్కుకు రక్షణ ధరించుట ప్రతి ఇంటా సాధ్యమే. ఇంటి భాష ఏదైనా ఊపిరి విలువ ఒక్కటే.