లోకాన్ని చుట్టిన ఫెర్ను

పువ్వు పూయదు. కాయ కాయదు. విత్తనం లేదు. అయినా అంటార్కిటికా మినహా అన్ని ఖండాలలోను పెరిగే మొక్క ఒకటుంది. అదే బ్రాకెన్ ఫెర్ను. దీని శాస్త్రీయ నామం టెరీడియం అక్విలైనం. లాటిన్ భాషలో 'అక్విలా' అంటే గద్ద. ఆకు కాడను మొదట్లో అడ్డంగా కోస్తే, రెక్కలు చాచిన గద్ద వంటి గుర్తు కనిపిస్తుంది. అందుకే ఆ పేరు అంటారు.

పాత బావుల గోడల పగుళ్ళలో పెరిగే చిన్న ఫెర్నులను మీరు చూసే ఉంటారు. బ్రాకెన్ వాటి బంధువే. కాని ఇది కొండ వాలులను గుంపులు గుంపులుగా ఆక్రమిస్తుంది. బ్రిటన్ కొండలలో మనిషి ఎత్తు పెరుగుతుంది. మన దేశంలో హిమాలయాలలోను, నీలగిరులలోను ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో పెరిగేది దీని దగ్గర చుట్టం టెరీడియం ఎస్కులెంటం.

మరి విత్తనం లేకుండా ఇంత దూరం ఎలా వ్యాపించింది?

ఆకు అంచుల మడతల కింద కోట్లాది సిద్ధబీజాలు తయారవుతాయి. ధూళికణాల వంటి ఈ సిద్ధబీజాలను గాలి ఎంతో దూరం మోసుకుపోతుంది. తడి నేల మీద పడిన సిద్ధబీజం మొలిచి, ముందుగా గోటికంటె చిన్నదైన పలుచని ఆకుపచ్చని రేకు అవుతుంది. దీనిని ప్రథమాంకురం అంటారు. దీనిపై ఏర్పడిన పురుషబీజకణం ఈదుకుంటూ పోయి స్త్రీబీజకణాన్ని చేరాలి. అందుకు పలుచని నీటి పొరైనా ఉండి తీరాలి. ఎడారులలో బ్రాకెన్ కనిపించకపోవడానికి ఇదొక కారణం.

ఒకసారి వేళ్ళూనిన తరువాత దీనికి సిద్ధబీజాలతో అంతగా పనిలేదు. అల్లం కొమ్ము వలె దీని కాండం భూమి లోపలే పాకుతూ, కొమ్మలు వేస్తూ, కొత్త ఆకులను పైకి పంపుతుంది. ఆకులు కోసినా, నిప్పు పెట్టినా, చలికి మాడినా లోపలి కాండం చావదు. అందుకే అడవిని నరికి, కాల్చి, వదిలేసిన నేలలను బ్రాకెన్ త్వరగా ఆక్రమిస్తుంది. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో ఇలాగే జరిగింది. దాని దట్టమైన నీడలో చెట్ల మొలకలు పైకి లేవలేవు. పోయిన అడవి తిరిగి రావడం కష్టమవుతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇది విషపు మొక్క. దీనిలోని థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది. అందువల్ల దీనిని మేసిన గుర్రాలు తూలి పడిపోతాయి. చాలాకాలం మేసిన పశువులకు మూత్రంలో రక్తం పడుతుంది. మూత్రాశయంలో కంతులు లేస్తాయి. ఇందుకు ముఖ్య కారణం టాక్విలోసైడ్ అనే పదార్థం. 1983లో జపాన్, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దీనిని వేరుచేశారు. ఇది ఆవుపాలలోకి కూడా చేరగలదు.

చిత్రమేమిటంటే, ఈ మొక్కనే మనుషులు తిన్నారు! న్యూజిలాండులో మావోరీలు అక్కడి బ్రాకెన్ కొమ్ములను కాల్చి, దంచి తినేవారు. జపాన్‌లో చుట్టలు చుట్టుకొని ఉండే లేత ఆకులను బూడిద కలిపిన వేడినీటిలో నానబెట్టి వండుతారు. బూడిదలోని క్షారం విషాన్ని చాలావరకు విరగ్గొడుతుంది. అయితే పూర్తిగా పోతుందనే హామీ లేదు. కనుక మీరు ఎప్పుడైనా ఊటీ కొండలకు వెళితే బ్రాకెన్‌ను కళ్ళారా చూడండి. రుచి మాత్రం చూడకండి.

అందాకా మీ ఊరి ఫెర్ను ఆకునొకదానిని తిరగవేసి, భూతద్దంతో పరిశీలించండి. గోధుమరంగు చుక్కలో, గీతలో కనిపిస్తే, లోకాన్ని చుట్టివచ్చిన ఆ సిద్ధబీజాల ఇళ్ళు అటువంటివే!