తెలుగు ఈ-బుక్ సొంతంగా పబ్లిష్ చేయాలా? పీడీఎఫ్ దగ్గరే ఆగిపోకండి!

మా తాతయ్య రిటైర్డ్ తెలుగు మాస్టారు. 2006లో తన 12 కథల్ని సొంత ఖర్చుతో 500 కాపీలు ప్రింట్ వేయించారు. సగం బంధువులకి పంచారు, మిగతా సగం అటక మీదే ఉండిపోయాయి. ఇప్పుడు ఆయనకి 81 ఏళ్లు. చూపు బాగా తగ్గింది. సొంత పుస్తకంలో అక్షరాలే ఆయనకి కనపడవు. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు "ఒరేయ్, నా కథలు ఆ ఫోన్లో పెద్దక్షరాల్లో చదువుకునేలా చేసిపెట్టరా" అన్నారు.

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఇదెంత పని అనుకున్నాను. డీటీపీ సెంటర్ ఇచ్చిన పాత సీడీలోంచి పీడీఎఫ్ తీసి ఫోన్లో వేసిచ్చాను. రెండు రోజులకే ఫోన్ తిరిగి నా చేతికొచ్చింది. ఆ తర్వాత మూడు నెలల పాటు వీకెండ్స్‌లో నేను నేర్చుకున్నదే ఈ ఆర్టికల్. మీరు కొత్తగా రాస్తున్నా, ఇంట్లో పెద్దవాళ్ల పాత పుస్తకం ఉన్నా ఇవే స్టెప్స్ పనికొస్తాయి.

పీడీఎఫ్‌తో ప్రాబ్లం ఏంటి?

పీడీఎఫ్ అంటే పేజీకి ఫోటో లాంటిది. ప్రింట్ సైజ్ పేజీని 6 అంగుళాల స్క్రీన్లో చూస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి. జూమ్ చేస్తే లైన్ సగం బయటికి పోతుంది. ప్రతి లైన్‌కీ వేలితో కుడికీ ఎడమకీ లాగాలి. తాతయ్య ఫోన్ తిరిగిచ్చేసింది ఇందుకే.

ఈపబ్ అలా కాదు. అక్షరం సైజ్ పెంచితే లైన్లు స్క్రీన్‌కి తగ్గట్టు వాటంతటవే సర్దుకుంటాయి. లోపల చూస్తే అదొక జిప్ ఫైల్, అందులో వెబ్ పేజీల్లాంటి ఫైళ్లే ఉంటాయి. కొంచెం హెచ్‌టీఎంఎల్ తెలిసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. తెలియనివాళ్లకీ ఫ్రీ టూల్స్ ఉన్నాయి, కంగారు పడక్కర్లేదు.

స్టెప్ 1: ముందు యూనికోడ్‌లోకి మార్చండి

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. మన దగ్గర పాత పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో టైప్ అయినవే. కంటికి తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది తెలుగు కాదు. ఆ టెక్స్ట్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి, అర్థంలేని గుర్తులు వస్తాయి. దాంతో ఈపబ్ చేస్తే ఫోన్ కూడా ఆ గుర్తులే చూపిస్తుంది.

అను టెక్స్ట్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. 140 పేజీలు నాకు పది నిమిషాల్లో మారిపోయాయి. తప్పులు దిద్దడానికి మాత్రం ఐదు వారాలు పట్టింది. ముఖ్యంగా మూడు చూసుకోండి.

సున్నా: నిండుసున్నా ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్నా వచ్చి కూర్చుంటుంది. "రంగయ్య", "ర౦గయ్య" రెండూ కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి. మా తాతయ్య కథలో హీరో పేరు రంగయ్య. సెర్చ్‌లో ఆ పేరు కొడితే నాలుగే రిజల్ట్స్ వచ్చాయి! కథ నిండా ఉన్న మనిషి నాలుగు చోట్లే ఉండటమేంటని వెతికితే ఈ సంగతి బయటపడింది. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్క దెబ్బకి సరిచేయొచ్చు. పుస్తకంలో నిజంగా తెలుగు అంకెలు వాడి ఉంటే మాత్రం ఒక్కొక్కటే చూసి మార్చాలి.

ఒత్తులు: కన్వర్షన్‌లో కొన్ని ఒత్తులు పక్క అక్షరానికి పోతాయి. దీనికి షార్ట్‌కట్ లేదు. మొత్తం చదవాల్సిందే.

ఇంగ్లిష్ మాటలు: "హెడ్‌మాస్టర్" కాస్తా "హెడ్మాస్టర్" అయిపోతుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని క్యారెక్టర్ ఉండాలి. అది పడిపోతే అక్షరాలు కలిసిపోయి ఒత్తుగా మారతాయి.

నేను దిద్దిన కాపీని అమ్మ ఫోన్లో తాతయ్యకి చదివి వినిపించింది. నేను రెండుసార్లు చదివినా కనపడని తప్పులు ఆయన చెవికి దొరికాయి. కాబట్టి ప్రూఫ్‌రీడింగ్ ఒక్కరే చేయకండి.

స్టెప్ 2: ఈపబ్ చేయడం

మామూలు పుస్తకానికి లిబర్‌ఆఫీస్ రైటర్ చాలు. ఫ్రీ, పైగా 6.0 వెర్షన్ నుంచి నేరుగా ఈపబ్ ఎక్స్‌పోర్ట్ ఉంది. గూగుల్ డాక్స్‌లోనూ డౌన్‌లోడ్ మెనూలో ఈపబ్ ఆప్షన్ కనిపిస్తుంది. లోపలి కోడ్ ముట్టుకోవాలంటే సిజిల్ వాడండి, అదీ ఫ్రీనే.

గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి. కథ పేరుని బోల్డ్ చేసి వదిలేయకండి, హెడింగ్ స్టైల్ పెట్టండి. విషయసూచిక దాన్నుంచే తయారవుతుంది. పేరాల మధ్య ఖాళీ కోసం ఎంటర్ మీద ఎంటర్ కొట్టకండి. భాష దగ్గర తెలుగు సెలెక్ట్ చేయండి. ఫైల్ లోపల అది 'టీ ఈ' అనే రెండక్షరాల కోడ్‌గా నమోదవుతుంది, పుస్తకం ఏ భాషదో యాప్‌కి తెలిసేది దానివల్లే. ఫాంట్ ఎంబెడ్ చేయాలనుకుంటే మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నవి తీసుకోండి. ఎక్కడో దొరికిన డీటీపీ ఫాంట్ పెడితే లైసెన్స్ గొడవ.

స్టెప్ 3: ఫోన్లో టెస్ట్ చేయండి

ముందు ఈపబ్‌చెక్ అనే ఫ్రీ టూల్‌లో వేసి ఎర్రర్స్ క్లియర్ చేయండి. తర్వాత గూగుల్ ప్లే బుక్స్ యాప్‌లో మీ సొంత ఫైల్‌గా అప్‌లోడ్ చేసి చదవండి. అమ్మకానికి పెట్టకుండానే ఇలా చూసుకోవచ్చు. నేను మూడు రకాలుగా టెస్ట్ చేశాను: అక్షరం సైజ్ బాగా పెంచి, డార్క్ మోడ్‌లో, ఒక పాత చవక ఫోన్లో. సైజ్ పెంచినప్పుడే నేను ఖాళీల కోసం కొట్టిన స్పేస్‌లన్నీ చెల్లాచెదురై కనిపించాయి. కొత్త ఫోన్లో డీఫాల్ట్ సైజ్‌లో మాత్రమే చూసి ఉంటే అవి నాకు తెలిసేవే కావు.

స్టెప్ 4: ఎక్కడ పెట్టాలి?

అందరూ ముందు అడిగేది కిండిల్ గురించే. అమెజాన్ 2016 డిసెంబర్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకి కిండిల్ తలుపు తీసింది. ఆ లిస్టులో తెలుగు లేదు. కాబట్టి కేడీపీలో అకౌంట్ తెరిచే ముందు సపోర్టెడ్ లాంగ్వేజెస్ పేజీ చూడండి. లిస్టులో లేని భాషని వేరే భాషగా చూపించి అప్‌లోడ్ చేసే ట్రిక్కులు వద్దు, పుస్తకం తీసేసే ప్రమాదం ఉంది. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి మాత్రం కేడీపీ మంచి దారి. అక్కడ రాయల్టీ 35 శాతం, 70 శాతం అని రెండు రకాలు. ఇండియా అమ్మకాల మీద 70 శాతం కావాలంటే కేడీపీ సెలెక్ట్‌లో చేరాలి. చేరితే ఆ ఈ-బుక్‌ని ఇంకెక్కడా అమ్మకూడదు.

తెలుగు పుస్తకానికి నేను ఎంచుకున్నది గూగుల్ ప్లే బుక్స్. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ఎవరైనా అదే గూగుల్ అకౌంట్‌తో కొనుక్కోవచ్చు. మీరు పార్ట్‌నర్ సెంటర్‌లో రిజిస్టర్ అయి బ్యాంక్ వివరాలివ్వాలి. పుస్తకం కాకుండా సీరియల్‌గా రాస్తూ పాఠకుల్ని పెంచుకోవాలంటే ప్రతిలిపి లాంటి యాప్ బెటర్.

హక్కులు, ఐఎస్‌బీఎన్

పుస్తకం ఇంట్లోవాళ్లదే అయినా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అది వారసులకి చెందుతుంది. ఒక్క మనవడు నిర్ణయించే విషయం కాదు. పాత పుస్తకం కవర్ బొమ్మ హక్కులు ఆర్టిస్టువి కావచ్చు. నేనైతే కొత్త కవర్ చేయించాను.

ఐఎస్‌బీఎన్ ఇండియాలో ఫ్రీ. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో అప్లై చేయాలి. దాన్ని అమ్ముతామనే ఏజెంట్లకి డబ్బు కట్టకండి. గూగుల్ ప్లేకి, కిండిల్ ఈ-బుక్‌కి అది లేకపోయినా పర్లేదు.

డబ్బులొస్తాయా?

ఆండీ వీర్ కూడా ప్రోగ్రామరే. 'ద మార్షియన్' నవలని ముందు తన వెబ్‌సైట్లో ఫ్రీగా పెట్టాడు. కిండిల్‌లో చదువుకునేలా ఇవ్వమని పాఠకులు అడిగితే అక్కడ 99 సెంట్లకి పెట్టాడు. 2015 కల్లా అది సినిమా కూడా అయింది. అందరికీ అలా జరగదు. కానీ చదివేవాళ్లకి సులువైన రూపంలో ఇవ్వడం మాత్రం మన చేతిలో పనే.

తాతయ్య పుస్తకం ధర 49 రూపాయలు పెట్టాను. ఎన్ని అమ్ముడయ్యాయో చెప్తే నవ్వుతారు. మొదటి కాపీ కొన్నది మా అమ్మ. తాతయ్య మాత్రం అక్షరం సైజ్ ఫుల్‌గా పెట్టుకుని, స్క్రీన్‌కి ఏడెనిమిది లైన్ల చొప్పున, రోజుకి రెండు పేజీలు చదువుతున్నారు. మొన్న ఫోన్ చేసి "మూడో కథ ముగింపు బాలేదురా, మారుస్తాను" అన్నారు. మార్చి పంపితే కొత్త ఫైల్ అప్‌లోడ్ చేయడమే నా పని. అటక మీదున్న కాపీలకి ఆ వీలు లేదు కదా!