యూనిక్సు యంత్రమున తెలుగు జాబు

బొమ్మలు లేక అక్షరములతోనే నడచు యూనిక్సు ఈమెయిలు సాధనములలో 1995లో మైఖేల్ ఎల్కిన్సు ఆరంభించిన మట్ ఒకటి. నల్లగొండనుండి తల్లి వ్రాసిన జాబును దూరదేశమున కుమారుడు అందు తెరువగా, తెలుగునకు మారు ప్రశ్నార్థకములే కానవచ్చెననుకొనుడు. జాబు చెడినదని చెరిపివేయరాదు.

1990 దశకమున విదేశములలోని తెలుగువారు, రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన పద్ధతి ననుసరించి, రోమను అక్షరములతో తెలుగు వ్రాసికొనిరి. వారికీ చిక్కు లేదు, చదువు కంటికే శ్రమ. నేడు తెలుగు లిపియే యూనికోడున సాగుచున్నది. "నల్లగొండ" చూపునకు నాలుగక్షరములు. యూనికోడున న, ల, పొల్లు, ల, గ, ఒత్వము, సున్న, డ యని 8 సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు గనుక మొత్తము 24. ఆ 24 బైట్లును పెట్టెలో చెక్కుచెదరక యున్నవి. తెరపై చూపుటయే తప్పినది.

దీనికి పెక్కుమారులు లోకేల్ అను అమరికయే కారణము. ఆ పేరుగల ఆదేశము నిచ్చినప్పుడు "సి" యనియో "పోసిక్స్" అనియో వచ్చెనేని, యంత్రము ఇంగ్లీషు అక్షరములనే యెరుగునని గ్రహింపవలెను. ఎల్‌సీ ఆల్ అను దానిని ఖాళీచేసి, లాంగ్ అను దానికి యంత్రమునందున్న యూటీఎఫ్-8 లోకేల్ నొకదానిని ఒసగి, ఎక్స్‌పోర్టు చేసి, మట్‌ను మరల తెరువవలెను. కొందరు మట్ అమరికల ఫైలులో చార్‌సెట్‌ను మార్చుచుందురు, అది వ్యర్థశ్రమ. ప్రశ్నార్థకములు పోయి డబ్బాలు కనబడినచో తెలుగు ఫాంటు లేదన్నమాట. ఫాంటు పెట్టినను కొన్ని టెర్మినళ్లలో ఒత్తు విడివడి "నల్‌లగొండ" యని నిలుచును. అది టెర్మినలు దోషము. జాబు చదువుకొనుట కడ్డు రాదు.