పెన్ను పిల్లల చేతిలోనే ఉండనివ్వండి

దసరా సెలవులు అయిపోయి బడులు మళ్లీ తెరిచారు. ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఇక నుంచి హడావుడే. ఒకపక్క భిన్నాలు, దశాంశాలు. ఇంకోపక్క బాలల దినోత్సవం, ప్రాజెక్టులు, వార్షికోత్సవం. అన్నిటికీ కలిపి తల్లిదండ్రులకు ఒక్కటే మాట: పక్కన కూర్చోండి, అడగండి, ఓపిగ్గా వినండి. పెన్ను మాత్రం లాక్కోకండి.

ఐదో తరగతి వాళ్లకే ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నామంటే, ప్రాథమిక బడికి ఇది ఆఖరి ఏడాది. ఇన్నాళ్లూ పాఠాలన్నీ ఒకరో ఇద్దరో టీచర్లే చెప్పారు. మీ పిల్లాడు ఎక్కడ తడబడతాడో వాళ్లకు కొట్టిన పిండి. ఆరులో చేరగానే సబ్జెక్టుకో టీచరు వస్తారు. పరిసరాల విజ్ఞానం కాస్తా సైన్సు, సోషల్ అని రెండవుతుంది. మన ప్రభుత్వ బడుల్లో హిందీ కూడా ఆరులోనే మొదలు. అప్పటికల్లా తన సంచి తాను సర్దుకోవడం, అర్థం కానిది లేచి అడగడం అలవాటై ఉండాలి. ఆ అలవాటుకు ఇంట్లో చోటివ్వాల్సింది ఈ ఏడాదే.

ముందు లెక్కల సంగతి. కారణాంకాలు, గుణిజాలు, కోణాలు, చుట్టుకొలత, వైశాల్యం అన్నీ ఈ తరగతివే. ఎక్కువమంది తడబడేది మాత్రం భిన్నాల దగ్గర. 1/2కు 1/3 కలపమంటే పిల్లలు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి 2/5 అని రాసేస్తారు. వెంటనే ‘తప్పు, కొట్టెయ్’ అనకండి. చపాతీ ఒకటి తెచ్చి ఆరు సమాన ముక్కలు చేయమనండి. సగమంటే మూడు ముక్కలు, మూడో వంతంటే రెండు. కలిపితే ఆరింట ఐదు, అంటే 5/6. ఇప్పుడు తను రాసిన 2/5 సగం కన్నా ఎక్కువో తక్కువో అడగండి. తక్కువే. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా? ఈ ప్రశ్న దగ్గర పిల్ల ఒక్క క్షణం ఆగి, నవ్వి, తనే కొట్టేస్తుంది. అలా తన చేత్తో దిద్దుకున్న లెక్క పదిసార్లు చూసి రాసినదానికన్నా గట్టిగా నిలుస్తుంది.

దశాంశాలదీ ఇదే వరస. ఐదు కన్నా ఇరవై ఐదు పెద్దది కాబట్టి 0.5 కన్నా 0.25 పెద్దదనుకుంటారు. కూరగాయల కొట్టుకు వెంట తీసుకెళ్లండి. అరకిలో టమాటాలు తూకంలో పెడితే 0.500, పావుకిలో పచ్చిమిర్చి పెడితే 0.250 కనిపిస్తుంది. ఏది బరువో సంచి మోసే చేతికే తెలుస్తుంది. చుట్టుకొలత, వైశాల్యం తికమక పెడుతుంటే, కిటికీ పరదాకు అంచు కుట్టడానికి ఏది కావాలో, గదికి బండలు పరచడానికి ఏది కావాలో అడిగి చూడండి.

‘ఇంగ్లీషు మీడియం కదా, మాకేం తెలుస్తుంది?’ అని వెనక్కి తగ్గే అమ్మలు, నాన్నలు చాలామంది. ప్రభుత్వ బడి పాఠ్యపుస్తకం ఒకసారి తెరిచి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగు పేజీ మీరు చదవండి, ఇంగ్లీషు పేజీ పిల్లను చదవమనండి. తర్వాత పుస్తకం మూసి, పాఠంలో ఏముందో తన మాటల్లో చెప్పమనండి. చదువు రాని అమ్మ కూడా ‘అదేంటో నాకు చెప్పవే’ అని అడగగలదు. ఎవరికైనా చెప్పగలిగినప్పుడే పాఠం వచ్చినట్టు.

ఇక ప్రాజెక్టులు. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో రాత పరీక్షతో పాటు ప్రాజెక్టు పనికీ మార్కులుంటాయి. అందుకని రాత్రి తొమ్మిదింటికి నెట్ సెంటరుకు పరుగెత్తి, రంగుల బొమ్మలు ప్రింటు తీయించి, చార్టు మీద మీరే అంటించి పంపకండి. అది ఎవరు చేశారో టీచరుకు చూడగానే తెలిసిపోతుంది. ‘మన ఊరి పంటలు’ అనే ప్రాజెక్టు ఇచ్చారనుకోండి. తాతయ్యనో, పక్కింటి రైతునో అడగడానికి నాలుగు ప్రశ్నలు పిల్లవాణ్నే రాసుకోమనండి. మీ చిన్నప్పుడు ఏం వేసేవారు? జొన్నలు, కొర్రలు ఎందుకు మానేశారు? నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి? విన్నది వంకర టింకర అక్షరాల్లో రాసినా సరే, అది వాడి పని. మీరు గడువు గుర్తుచేయండి, కావలసిన సామాను ముందురోజే తెచ్చిపెట్టండి. అంతకు మించి అక్కర్లేదు.

ముందున్న రోజులు క్యాలెండరులో ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. నవంబరు 14 బాలల దినోత్సవం. ఆ రోజు చాలా బడుల్లో స్వయం పరిపాలన పెడతారు. పిల్లలే హెడ్మాస్టర్లు, టీచర్లు అవుతారు. చీర కట్టడం దగ్గరే ఆగిపోకుండా, తను చెప్పబోయే పాఠం ఇంట్లో ఒకసారి మీకు చెప్పమనండి. డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. ఆ తర్వాత సంక్రాంతి ముగ్గులు, జనవరి 26 జెండా పండుగ. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం. 1928లో సి.వి. రామన్ తన పరిశోధన ఫలితాన్ని ప్రకటించింది ఆ రోజే. ఉపన్యాసం మీరు రాసిచ్చి బట్టీ పట్టించే కన్నా, పిల్ల తనే రాసుకున్న ఐదు వాక్యాలు చాలు. మధ్యలో మర్చిపోయినా సొంత మాటతో అందుకోగలదు. వార్షికోత్సవంలో ముందు వరస దక్కలేదని టీచరుతో గొడవకు దిగకండి. వెనక వరసలో అడుగులు వేసినా పిల్లలకు సంతోషమే. ఆ లోటు మనం నేర్పితేనే వాళ్లకు తెలుస్తుంది.

నవోదయ సంగతి కూడా చెప్పుకోవాలి. ఆరో తరగతి ప్రవేశానికి ఐదు చదువుతున్న పిల్లలు రాసే పరీక్ష ఇది. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలు చూసి ఆలోచించే మేధాశక్తి ప్రశ్నలవే. మిగతా సగం లెక్కలకు, భాషకు చెరి 25. రాయించే ఉద్దేశం ఉంటే మొదట పిల్లలతోనే మాట్లాడండి, అది హాస్టల్లో ఉండి చదవాల్సిన బడి అని దాచకుండా చెప్పండి. రోజుకో గంట సాధన చాలు, ఆటల గంట మాత్రం కోయకండి. సీటు రాకపోతే ఆ మాటతో జీవితాంతం దెప్పకండి.

ఇక బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకే రోజు మెగా సమావేశం పెట్టారు. మీ బడిలో ఎప్పుడు పెట్టినా, ఒక పూట కూలి పోయినా వెళ్లండి. ‘ఎన్నో ర్యాంకు?’ అని అడిగితే ఒక అంకె చెప్పి పంపుతారు. దాని బదులు ఈ మూడూ అడగండి: మా అమ్మాయి అర్థం కానప్పుడు చెయ్యెత్తుతుందా? ఏ లెక్క దగ్గర ఆగిపోతోంది? ఇంట్లో మేం చేయగల ఒక్క పని ఏమిటి? జవాబులు నోటు పుస్తకం వెనక రాసుకుని, ఆ రాత్రే పిల్లకు చదివి వినిపించండి. టీచరు చెప్పిన దాంట్లో దేనితో మొదలుపెట్టాలో తననే తేల్చుకోమనండి.