అమ్మ బొట్టేది?
రంగుల ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చే ముందు

మా ఇంట్లో హాలు గోడకు అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఒకటి ఉంది. 1974లో స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫొటో. 2024లో వాళ్ల పెళ్లికి యాభై ఏళ్లు నిండాయి. ఆ రోజు తీసిన రంగుల ఫొటోల్లో ఒకదాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి, పాత ఫొటో పక్కనే అదే సైజు ఫ్రేములో పెడదామని తమ్ముడూ నేనూ అనుకున్నాం. పని నా మీద పడింది. ఆడిట్ రిపోర్టులకు గ్రాఫులు వేయడం వచ్చుగా, ఇదెంత అనుకున్నాను.

ఫోన్‌లో స్నాప్‌సీడ్ తెరిచాను. గూగుల్ వాళ్ల ఉచిత యాప్ అది. అందులో బ్లాక్ అండ్ వైట్ అనే పరికరం ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే రంగులు పోతాయి. అక్కడే ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు కూడా ఉంటాయి. ఒక్కొక్కటీ నొక్కి చూశాను. ఎరుపు పెట్టగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. ముడతలు సగం మాయమయ్యాయి, బుగ్గల మీది మచ్చలు పోయాయి. పట్టుచీర అంచు తళతళలాడింది. ఇంకేం కావాలి? ల్యాబ్‌లో ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, ఆదివారం తీసుకెళ్లాను.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగుందమ్మా. అమ్మ బొట్టేది?" అన్నారు.

నిజంగానే లేదు. నుదుటి మీద ఉండాల్సిన రూపాయి కాసంత కుంకుమ బొట్టు చర్మంలో కలిసిపోయింది. పక్కన పాత ఫొటోలో నల్లగా, గుండ్రంగా కనిపిస్తోంది. కొత్తదాంట్లో ఖాళీ నుదురు. అమ్మ ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం నుదుటి దగ్గరికి వెళ్లింది. భర్త పక్కన ఉండగా ఖాళీ నుదురంటే మన ఇళ్లలో ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రానికి ఆ ఫ్రేము బీరువా వెనక గోడవైపు తిరిగి ఉంది. నేనే పెట్టాను.

ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి దారిలో అడిగాడు: "ఎరుపు ఫిల్టర్ పెడితే ఎర్రటివన్నీ తెల్లబడతాయి కదమ్మా, చూసుకోలేదా?" చూసుకోలేదు. ఆ వారం కూర్చుని నేర్చుకున్నదే ఈ వ్యాసం.

డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలు ఉంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. నలుపు తెలుపుల్లోకి మార్చడమంటే ఆ మూడు అంకెలను ఒకే అంకెగా కుదించడం. 0 అయితే నలుపు, 255 అయితే తెలుపు. మన భాషలో చెప్పాలంటే ఒక ఖాతాదారుడి చరిత్రంతా ఒక క్రెడిట్ స్కోరులోకి కుదించడం లాంటిది. పూర్తిగా వేరైన ఇద్దరికి ఒకే స్కోరు రావచ్చు. ఏ అంశానికి ఎంత వెయిటేజీ ఇచ్చామన్నదాన్ని బట్టే ఫలితం.

మామూలుగా వాడే వెయిటేజీ ఒకటుంది. ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114. కలర్ టీవీ ప్రసారాలు మొదలైన రోజుల్లో, నలుపు తెలుపు సెట్లలో కూడా బొమ్మ సరిగా కనిపించాలని కట్టిన లెక్క ఇది. మన కంటికి ఆకుపచ్చ వెలుగు ఎక్కువగా, నీలం తక్కువగా తోస్తుంది కాబట్టి ఆ పాళ్లు. కొన్ని సాఫ్ట్‌వేర్లు కాస్త వేరే అంకెలు వాడతాయి, వరుస మాత్రం ఇదే.

మా ఫొటోలో కలర్ పికర్ పెట్టి నాలుగు చోట్ల అంకెలు తీసుకున్నాను, గుండ్రంగా సవరించి చెబుతున్నాను. బొట్టు: ఎరుపు 180, ఆకుపచ్చ 20, నీలం 40. నుదుటి చర్మం: 170, 120, 90. ఆకుపచ్చ పట్టుచీర: 40, 110, 50. దాని ఎర్ర అంచు: 190, 40, 50.

మామూలు వెయిటేజీతో గుణిస్తే బొట్టుకు 70, చర్మానికి 132 వస్తాయి. బొట్టు చక్కగా కనిపిస్తుంది. కానీ చీరకు 82, అంచుకు 86. అంటే చీరా అంచూ ఒకే బూడిద రంగు! నేతగాడి కష్టమంతా పోయింది. ఇప్పుడు నేను చేసిన పని చూడండి. ఎరుపు ఫిల్టర్ అంటే స్థూలంగా ఎరుపు అంకెను మాత్రమే తీసుకోవడం. చీర 40, అంచు 190, అందుకే అంచు అంతలా మెరిసింది. బొట్టు 180, చర్మం 170. బొట్టు మాయం. యాప్ తప్పేమీ చేయలేదు, అడిగిందే ఇచ్చింది.

మరి పాత ఫొటోల్లో బొట్టు ఎప్పుడూ అంత నల్లగా ఎందుకుంటుంది? తొలినాళ్ల గాజు పలకలు ఎరుపును దాదాపు గుర్తించేవి కావు, నీలాన్నే ఎక్కువగా పట్టేవి. హైదరాబాద్ నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలం అది. ఎర్ర తలపాగా అయినా, కుంకుమ అయినా ఆ పలకల మీద నల్లగా పడాల్సిందే. తర్వాత అన్ని రంగులనూ పట్టే ఫిల్ములు వచ్చాయి. అయినా ప్రింటు తీసే కాగితం ఎరుపును పట్టించుకోదు, స్టూడియో చీకటిగదిలో ఎర్రబల్బు వెలిగేది అందుకే. ఫిల్టరు కూడా ఫోన్లతో పుట్టింది కాదు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1927లో యోసెమిటీలోని హాఫ్ డోమ్ కొండను ముదురు ఎరుపు ఫిల్టరు బిగించి తీశాడు. నీలాకాశం దాదాపు నల్లగా వచ్చి కొండ తేలింది. మీరూ మబ్బులున్న ఆకాశంతో తీసిన యాత్ర ఫొటో మీద ఎరుపు పెట్టి చూడండి, అక్కడ అది అద్భుతమే. ముఖాల దగ్గరే జాగ్రత్త.

రెండోసారి పని కంప్యూటర్ మీద చేశాను, గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో. కలర్స్ మెనూలో డీశాచురేట్, అందులో మోనో మిక్సర్. మూడు రంగులకూ వెయిటేజీ మనమే ఇవ్వొచ్చు. మూడూ కలిపి 1 దగ్గర ఉంటే వెలుతురు అదుపులో ఉంటుంది. ఎరుపుకు 0.1, ఆకుపచ్చకు 0.9, నీలానికి సున్నా ఇచ్చాను. కాగితం లెక్క ప్రకారం బొట్టు 36, చర్మం 125, చీర 103, అంచు 55. సాఫ్ట్‌వేర్ లోపలి లెక్క కాస్త వేరు కాబట్టి తెరమీద ఇవే అంకెలు రావు, వరుస మాత్రం మారదు. బొట్టు నుదుటి మీద నిలిచింది, చీర నుంచి అంచు విడిపడింది. నీలం జోలికి వెళ్లకపోవడం మంచిది. అందులో చర్మం మరీ నల్లబడి, ప్రతి మచ్చా, ఫొటోలోని గరుకూ పైకి తేలతాయి.

ఫొటోషాప్ ఉన్నవాళ్లకు బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్‌లో ఆరు స్లైడర్లు ఉంటాయి, లైట్‌రూమ్‌లో ఎనిమిది. రంగురంగుకీ విడిగా వెలుతురు పెంచొచ్చు, తగ్గించొచ్చు. మనుషుల చర్మం ఎక్కువగా నారింజలోనూ, కొంత ఎరుపులోనూ ఉంటుంది. చెట్ల ఆకులు ఆకుపచ్చ కంటే పసుపు స్లైడరుకే ఎక్కువ కదులుతాయి, మొదటిసారి నమ్మలేకపోయాను. లైట్‌రూమ్‌లో నారింజను కాస్త పెంచి ఎరుపును తగ్గిస్తే బొట్టు సమస్య నాలుగు సెకన్లలో తీరేది. ఏ స్లైడరునైనా చివరిదాకా లాగకండి, ఆకాశంలో మచ్చలూ చారలూ పడతాయి.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. అసలు రంగుల ఫైలు మీద సేవ్ చేయకండి. కాపీ తీసుకుని, దాని మీదే చేయండి. ఒకసారి మూడు అంకెలు ఒకటయ్యాక వెనక్కి రావు. ల్యాబ్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. కలర్ మెషీన్ల మీద తీసిన నలుపు తెలుపు ప్రింట్లకు ఒక్కోసారి పచ్చ ఛాయో గులాబీ ఛాయో వస్తుంది, కాబట్టి ముందు చిన్న సైజులో ఒకటి తీయించి పగటి వెలుతురులో చూసుకోండి. పెళ్లి షామియానా కింద ఎరుపో పసుపో పడి ముఖాలు పాడైన ఫొటోలకు నలుపు తెలుపు నిజంగా మందు. సంక్రాంతి ముగ్గుల ఫొటోలకు మాత్రం అక్కర్లేదు.

ఆకుపచ్చ పాలు పెంచిన ఫలితం ఇంకొకటి ఉంది. ముడతలన్నీ తిరిగి వచ్చాయి. ముఖానికి ఎరుపు పాలు, నుదుటికి ఆకుపచ్చ పాలు ఇచ్చి రెండు పొరలను మాస్కుతో కలపొచ్చు. ప్రయత్నించాను. బొట్టు చుట్టూ వెలుగు వలయం మిగిలి, అతికించిన స్టిక్కరులా కనిపించింది. వదిలేశాను.

కొత్త ప్రింటు అదే ఫ్రేములో వేసి పాత ఫొటో పక్కన తగిలించాం. నాన్న చూసి, "ఆ, ఇప్పుడు మీ అమ్మ" అన్నారు. మొదటి ప్రింటు పారేద్దామంటే అమ్మ ఇవ్వలేదు. బీరువాలో చీరల కింద దాచింది. దాని మీద తనే కాటుకతో చిన్న బొట్టు పెట్టుకుంది. ముఖం అందులోనే నునుపుగా ఉందట.